ఆఖరి ఫారం

పోయిన నెల ఏలూరు రోడ్డు మీద పాత పుస్తకాలు పోసుకుని కూర్చున్న ఒకాయన దగ్గర నాకొక డిటెక్టివ్ నవల కనిపించింది. నేను దానికోసం వెతకలేదు. నిజం చెప్పాలంటే యాభై ఏళ్లకు పైగా అది నా కంట పడకుండా ఉంటే చాలనుకుంటూ బతికినదాన్ని. మందుల షాపు నుంచి వస్తూ, ఎండ భరించలేక ఒక్క నిమిషం నీడలో నిలబడితే, సరిగ్గా నా కాళ్ల దగ్గరే ఉంది. ముఖచిత్రం ఎప్పుడో పోయింది. అద్దె లైబ్రరీ వాళ్లు దళసరి అట్ట వేసి దారంతో కుట్టేశారు. మొదటి పేజీలోనే ఎవరో పుణ్యాత్ములు "హంతకుడు డాక్టరు" అని పెన్సిలుతో రాసి పెట్టారు. అద్దె పుస్తకాల్లో ఆ ఘనకార్యం చేసేవాళ్లు ఆ రోజుల్లో వీధికొకరు ఉండేవారు.

చూసి నవ్వుకోవాల్సిన సంగతే, కానీ నాకు నవ్వు రాలేదు. ఆ నవల రాసినాయన లెక్కలో హంతకుడు డాక్టరు కాడు. మరి పుస్తకంలోకి డాక్టరు ఎలా వచ్చాడో చెప్పాలంటే మా బాబాయి గురించి చెప్పాలి, నా గురించీ చెప్పాలి. రెండోదే కష్టం.

మా నాన్న మైలవరంలో బడిపంతులు. వేసవి సెలవులు ఇవ్వగానే నన్ను బస్సెక్కించి బెజవాడలో బాబాయి వాళ్లింటికి పంపేసేవాడు. బాబాయికి, పిన్నికి అప్పటికింకా పిల్లల్లేరు. గవర్నరుపేట వెనక సందులో ఒక వాటాలో ఉండేవాళ్లు. ముందొక అరుగు, ఒక గది, వంటిల్లు, వెనక నీళ్ల తొట్టి, దాని పక్కన స్నానాల నీళ్లు కాచుకునే పొయ్యి. నా పదకొండేళ్ల ప్రాణానికి అది రాజభవనం. అక్కడ నన్ను ఎక్కాలు అడిగేవాళ్లెవరూ లేరు. తాటి ముంజలు తిన్నన్ని తినొచ్చు. నూజివీడు రసాలు బక్కెట్లో నీళ్లు పోసి వేసి పెట్టేది పిన్ని. మధ్యాహ్నం గచ్చు మీద నీళ్లు చిమ్మి, ఆ తడి మీదే పడుకునేవాళ్లం.

బాబాయి ఒక ప్రెస్సులో కంపోజిటరు. సీసం అక్షరాలు ఒక్కొక్కటే గళ్లలోంచి ఏరి, వరసలు పేర్చి అచ్చు వేసే రోజులవి. ఇంటికొచ్చేసరికి ఆయన ఒంటి నిండా సిరా, కిరసనాయిలు, సీసం కలిసిన ఒక వాసన ఉండేది. ఇప్పటికీ ఎక్కడైనా కిరసనాయిలు వాసన తగిలితే నాకు ఆకలి వేస్తుంది, ఎందుకంటే ఆయన వచ్చాకే మాకు భోజనాలు. రాగానే వేళ్లు కడుక్కుని, సీసం విషం విరగాలని ఒక బెల్లం ముక్క నోట్లో వేసుకునేవాడు. అందులో సగం నాది. దానికే విషమూ ఎక్కలేదు కదా అని పిన్ని అడిగితే, ఎక్కకుండా ముందు జాగ్రత్త అనేవాడు.

ఆ ప్రెస్సులో నెలకొక డిటెక్టివ్ నవల అచ్చయ్యేది. డిటెక్టివ్ ఎప్పుడూ ఒక్కడే, శవాలు మారేవి. ఎన్ని పుస్తకాలు వచ్చాయో నాకు తెలియదు గానీ, నేను పలక పట్టకముందే మొదలై నాకు పెళ్లయ్యేదాకా వస్తూనే ఉన్నాయి. రోహిణీ కార్తెలో కూడా ఆ డిటెక్టివ్ ఓవర్‌కోటు విప్పేవాడు కాదు. బెజవాడ రైల్వే స్టేషన్లో దిగి, ఆ కోటుతోనే హంతకుడి వెంట కాలవ గట్టంతా పరిగెత్తేవాడు. విస్కీ తాగేవాడు, ఎవరినీ నమ్మేవాడు కాదు, ఆడవాళ్లని అసలు నమ్మేవాడు కాదు. పిన్నికి ఆయనంటే ఒళ్లుమంట.

పిన్నికి ఇవన్నీ ఎలా తెలుసంటే, ప్రూఫులు మా ఇంట్లోనే దిద్దేవారు. సాయంత్రాలు అరుగు మీద చాప వేసుకుని కూర్చుంటే, రచయితగారి చేతిరాత కాగితాలు చూసి నేను బిగ్గరగా చదవాలి, బాబాయి అచ్చు కాగితం మీద పెన్సిలు పెట్టి పోల్చుకుంటూ పోవాలి. మామూలు రోజుల్లో పిన్ని చదివేది. వేసవిలో ఆ ఉద్యోగం నాది. మాటలు చదివితే చాలదు, కామాలు, ఫుల్‌స్టాపులు కూడా పైకి చదవాలి. "తలుపు నెమ్మదిగా తెరుచుకుంది ఫుల్‌స్టాప్ కొత్త పేరా అతని చేతిలో కామా" అంటూ నేను గొంతు చించుకుంటుంటే సందులో పిల్లలంతా అరుగు చుట్టూ చేరేవారు. మాకు ఆ పిచ్చి ఎంత ముదిరిందంటే, "పిన్నీ కామా ఆకలేస్తోంది ఫుల్‌స్టాప్" అని తప్ప మామూలుగా మాట్లాడటం మానేశాం. విస్కీ, దాని వెనకే ఎవరైనా అమ్మాయి ప్రవేశించగానే లోపల్నుంచి పిన్ని గొంతు వినిపించేది. ఆ పేరా మీరు చదువుకోండి, పిల్ల చేత చదివించకండి అని. అప్పుడు నేను చెవులు మూసుకుని కూర్చోవాలి. మూసుకున్నట్టు కూర్చునేదాన్ని.

ఆ పనిలో ఒక పద్ధతి ఉంది, అది చెప్పకపోతే నా పాపం అర్థం కాదు. పదహారు పేజీలు కలిస్తే ఒక ఫారం. పుస్తకం మొత్తానికి సరిపడా అక్షరాలు ప్రెస్సులో ఉండవు. అందుకని ఒక ఫారం అచ్చయిపోగానే ఆ అక్షరాలన్నీ విప్పి మళ్లీ గళ్లలో వేసి, వాటితోనే తర్వాతి ఫారం పేర్చేవారు. రచయితగారు వేరే ఊళ్లో ఉంటూ, రాసింది రాసినట్టు కొన్ని కొన్ని కాగితాలు బస్సులో పంపేవారు. మొదటి ఫారంలో శవం దొరికిందంటే దొరికినట్టే. ఆరో ఫారంలో ఆయనకి మనసు మారినా ఆ శవాన్ని లేపడం కుదరదు. పని అయిపోయిన చేతిరాత కాగితాలు బాబాయి ఇంటికి తెచ్చి గదిలో అలమరలో పడేసేవాడు. పిన్ని వాటిని అరల్లో పరిచేది, పప్పుల డబ్బాలకు మూతలుగా కట్టేది, ముఖ్యంగా పొయ్యి రాజేసేది. మా స్నానాల నీళ్లన్నీ హత్యల మీదే కాగేవి.

ఆఖరి ఫారం మాత్రం వేరు. హంతకుడెవరో అందులోనే ఉంటుంది కాబట్టి రచయితగారు దాన్ని కవరులో పెట్టి, అంటించి, దాని మీద బాబాయి పేరు రాసి పంపేవారు. దాన్ని బాబాయే విప్పాలి, బాబాయే పేర్చాలి, ప్రెస్సులోనే దిద్దాలి. పుస్తకం షాపుల్లోకి వచ్చేదాకా ఆ పేరు నోట రాకూడదు. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా బయటికి పొక్కలేదని ఆయన గొప్పగా చెప్పుకునేవాడు. ఆరు ఫారాలు నా గొంతుతో చదివించి, ఏడోది అచ్చయ్యేదాకా నన్ను వేపుకు తినేవాడు. నేను ఎంత బతిమాలినా, కాళ్లు పట్టినా చెప్పేవాడు కాదు. పిన్నికే చెప్పలేదు, నువ్వెంత అనేవాడు.

ఆ వేసవిలో చచ్చినవాడు ఒక రైస్ మిల్లు యజమాని. అనుమానితులు నలుగురు. మిల్లు గుమస్తా, ఇంటి డాక్టరు, మేనల్లుడు, రెండో భార్య. నాకు వారం రోజులుగా నిద్ర లేదు. కవరు వచ్చిన రోజు బాబాయి బస్టాండులో దాన్ని అందుకుని, భోజనానికి ఇంటికొచ్చి, అలమరలో పాత కాగితాల మీదే పెట్టి, కాసేపు నడుం వాల్చాడు. పిన్ని వంటింట్లో ఆవకాయకి ఆవాలు దంచుతోంది. ఇల్లంతా ఆవఘాటు. నేను కవరు తీసుకుని వెనక తొట్టి చాటుకి వెళ్లాను. మైదా జిగురుతో అంటించిన కవరు. కాస్త తడి వేలుతో రాస్తే ఊడి వస్తుందని ఆ నవలల్లోనే నేర్చుకున్నాను.

తొట్టి వెనక గొంతుక్కూర్చుని చివరిదాకా చదివేశాను. హంతకుడి పేరు వచ్చినచోట నా నోటి మీద నేనే చెయ్యి పెట్టుకున్నాను.

అంతలో పిన్ని వెనక్కి వస్తున్న చప్పుడైంది. పొయ్యి పక్కనే, రాజేయడానికి తెచ్చి పెట్టిన పాత చేతిరాత కాగితాల కట్ట ఉంది. ఇవి కూడా అదే చేతిరాత, అదే సిరా. కాగితాలు, కవరు అందులో దోపేశాను. పిన్ని నన్ను చూసి, కారం తక్కువైంది, వెళ్లి పక్కింటావిడ దగ్గర చిన్న గిన్నెడు పట్రమ్మంది. పరిగెత్తి వెళ్లాను. ఆవిడ మాటల మనిషి, వదల్లేదు. తిరిగొచ్చేసరికి పొయ్యి మండుతోంది. ఆవకాయ పని అయ్యాక తలంటుకోవాలని పిన్ని ఆ పూట నీళ్లు తొందరగా కాచుకుంది.

బాబాయి లేచి అలమరలో చూశాడు. కిందా మీదా చూశాడు. తర్వాత పొయ్యి దగ్గరికి వచ్చి బూడిదలోకి చూశాడు. కవరు మూల ఒకటి కాలకుండా మిగిలింది. పాత కాగితాల మీద పెట్టాను, వాటితో పాటే తీసుకున్నావు అన్నాడు పిన్నితో. కోపంగా అనలేదు, అందుకే ఆవిడకి ఇంకా ఎక్కువ తగిలింది. నా చేత్తో నేనే తగలేశానని కూలబడి ఏడ్చింది. చేతులకి ఆవపిండి, వాటితోనే కళ్లు తుడుచుకుంది. మంట పుట్టి ఇంకా ఏడ్చింది. నేను కారం గిన్నె పట్టుకుని నిలబడే ఉన్నాను.

కాసేపటికి బాబాయి నన్ను అరుగు మీదికి తీసుకెళ్లి పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"నిజం చెప్పు తల్లీ. నువ్వేమన్నా ఆ కవరు విప్పి చదివావా? చదివుంటే మంచిదే, నేనేమీ అనను. ఎవరు చంపారో ఒక్క ముక్క చెబితే చాలు, మిగతాది నేను చూసుకుంటా."

నాకు చక్కటి తలుపు తెరిచి పెట్టాడు ఆయన. అందులోంచి నడిచి రావడమే నా పని. కానీ లోపల పిన్ని ఏడుపు వినబడుతోంది. చదివానంటే కాల్చింది నేనని తేలుతుంది. ఆ ఇంట్లో ఆఖరి ఫారం ముట్టుకోవడం కంటే పెద్ద నేరం లేదు. మళ్లీ వేసవికి రానివ్వరేమో అనిపించింది. ఇంత పెద్ద సంగతి నా బుర్రలో అంత చిన్న లెక్కతో తేలిపోయింది.

"నేను చూడలేదు బాబాయ్" అన్నాను.

నమ్మాడు. నా తల నిమిరి లేచాడు.

కవరు బస్సుకిచ్చాక రచయితగారు తన ఊళ్లో కూడా లేరు. కూతురి పురుడని ఎక్కడో నాగపూర్ దగ్గరికి వెళ్లారు, ఎప్పుడొస్తారో తెలియదు. ఆరు ఫారాలు అచ్చయి ప్రెస్సులో కట్టలు కట్టి ఉన్నాయి. ఒకటో తారీకుకి పుస్తకం స్టేషన్లలో, బస్టాండుల్లో ఉండాలి. ఓనరుగారికి చెబితే పిన్ని పేరు వస్తుంది. బాబాయి ఎవరికీ చెప్పలేదు. ఏళ్ల తరబడి ఆయన రాసిన ప్రతి మాటా ఈ చేతులతోనే పేర్చాను, ఎలా ముగిస్తాడో నాకు తెలియదా అనుకున్నాడట. కాగితం, కలం లేకుండా, అక్షరాల గళ్ల ముందు నిలబడి, తోచిన వాక్యం తోచినట్టు సీసంలోనే పేర్చుకుంటూ పోయాడు. పదహారు పేజీలు. హంతకుడు డాక్టరయ్యాడు.

పుస్తకం బాగానే పోయింది. చదివినవాళ్లెవరికీ అనుమానం రాలేదు. రచయితగారు తిరిగొచ్చి, అచ్చయిన పుస్తకంలో హంతకుడే మారిపోయి ఉండటం చూసుకుని, మొదటి బస్సులో బెజవాడ వచ్చారు. బాబాయి జరిగింది చెప్పాడు, కాల్చింది మాత్రం తానే అన్నాడు. పొరపాటున కాలిపోతే కాలిపోయిందను, ఒప్పుకుంటాను, నా పేరు కింద నువ్వు రాయడానికి ఎన్ని గుండెలు అన్నారట ఆయన. అదీ న్యాయమే. ఆ సాయంత్రమే బాబాయి ఉద్యోగం పోయింది. ఆ వీధిలో ప్రెస్సులన్నీ ఒకదాన్నొకటి ఆనుకుని ఉండేవి. రాసినాయన రాసింది మార్చేశాడట అన్న మాట మనిషి కంటే ముందు ప్రతి గుమ్మానికీ చేరేది. ఎవరూ పనివ్వలేదు. చివరికి ఉయ్యూరులో చక్కెర ఫ్యాక్టరీకి వచ్చే చెరకు బళ్ల తూకం దగ్గర చీట్లు రాసే పనిలో కుదిరాడు. సీసం అక్షరాలు మళ్లీ ముట్టుకోలేదు.

తర్వాత వేసవికి నన్ను ఉయ్యూరు పంపారు. రానివ్వరేమోనని భయపడ్డదాన్ని, ఎదురొచ్చి ఎత్తుకున్నారు. అక్కడ చదవడానికి ప్రూఫులు లేవు. సందు పిల్లలు లేరు. చెరకు బళ్లు, మడ్డి వాసన, ఎద్దుల గంటలు. ఇల్లంతా బెల్లమే, బాబాయి మాత్రం ముట్టుకునేవాడు కాదు. పిన్ని అప్పట్నుంచి కాగితంతో పొయ్యి రాజేయలేదు. అక్షరం ఉన్న ముక్క ఏది చేతికొచ్చినా, కొట్టువాడు పోపుగింజలు కట్టిచ్చిన పొట్లమైనా సరే, ఇది పనికొచ్చేదేమో చూడవే అని నాకు చూపించి గానీ పారేసేది కాదు. అలా చూపించినప్పుడల్లా చెప్పేద్దామనుకునేదాన్ని. పెళ్లయ్యాక చెబుదామనుకున్నాను, పిల్లలు పుట్టాక చెబుదామనుకున్నాను. పిన్ని పోయి ఆరేళ్లయింది.

ఏలూరు రోడ్డు మీద ఆ పుస్తకం కొన్న మర్నాడే ఉయ్యూరు బస్సెక్కాను. బాబాయి ఇప్పుడు అక్కడే కూతురి దగ్గర ఉంటున్నాడు. ఎనభై దాటాయి, చూపు దాదాపు పోయింది. పుస్తకం చేతిలో పెడితే ముందు వాసన చూశాడు. తర్వాత ఒక పేజీ తిప్పి, వెనకవైపు వేళ్లతో తడిమాడు. మన టైపే, మిషన్ మనిషి కాస్త గట్టిగా నొక్కాడు అన్నాడు. పేరేమిటో నేను చెప్పలేదు, ఆయనా అడగలేదు. చదవమన్నాడు.

పొద్దుట్నుంచి మధ్యాహ్నందాకా చదివాను. మధ్యలో కూతురు అన్నానికి పిలిస్తే, ఈ ఫారం అవనీ అన్నాడు. ఆఖరి ఫారం వచ్చేసరికి నేను చదవనక్కర్లేకపోయింది. ఆయనే మొదలుపెట్టాడు. పదహారు పేజీలూ, ఒక్క మాట తడబడకుండా. డాక్టరు చేతులకి సంకెళ్లు పడ్డాయి.

"బాగానే కుదిరింది కదూ?" అన్నాడు.

అప్పుడు చెప్పాను. తొట్టి చాటు, తడి వేలు, కాగితాల కట్ట, కారం గిన్నె, అన్నీ. చెబుతున్నంతసేపూ గచ్చు వైపే చూశాను. పిన్ని కాల్చలేదు బాబాయ్, నేనే కాల్పించాను అన్నాను. నీ ఉద్యోగం నా వల్లే పోయింది అన్నాను. ఏడ్చాను కూడా. ఆయన తిడతాడని, లేకపోతే ఓదారుస్తాడని, రెంటికీ సిద్ధపడి ఉన్నాను.

"అయితే చదివావా? చివరిదాకా?"

"చివరిదాకా చదివాను."

ఆయన మొహం ఒక్కసారిగా వెలిగింది. మంచం మీద ముందుకు జరిగి, నా చెయ్యి దొరకబుచ్చుకున్నాడు.

"ఎవరే? ఎవరు చంపింది? ఇన్నేళ్ల నుంచీ అదే అనుకుంటున్నా. నేనైతే డాక్టర్ని పెట్టాను గానీ, ఆయన మనసులో ఎవరున్నారా అని. పని వదిలి వెళ్లేటప్పుడు ఆయన్నే అడిగాను, చెప్పలేదు. గుమస్తానా?"

నాకు ఊదారంగు సిరా గుర్తుంది. మధ్యలో కొట్టేసిన ఒక వాక్యం గుర్తుంది. నోటి మీద నేను పెట్టుకున్న చెయ్యి, ఆవఘాటు, కాళ్ల మీద పాకిన చీమ కూడా గుర్తున్నాయి. మనిషి గుర్తు లేడు. ఎప్పుడు జ్ఞాపకం వచ్చినా వెంటనే అవతలికి తోసేశాను. తోసి తోసి ఎప్పుడు పారేశానో నాకే తెలియదు. మేనల్లుడా, రెండో భార్యా అని ఒక్కొక్కరినీ తలుచుకున్నాను. అందరి మీదా డాక్టరే వచ్చి కూర్చున్నాడు.

గుమస్తా అనేస్తే సరిపోయేది. ఆయనకి కావాల్సింది అదే. ఆ మాట నాలిక చివరిదాకా వచ్చింది. కానీ ఈ మనిషికి ఒకసారి అబద్ధం చెప్పి చూశాను కదా.

"గుర్తు లేదు బాబాయ్" అన్నాను.

ఆయన నా చెయ్యి వదల్లేదు. తొందరేం లేదు, ఆలోచించుకో అన్నాడు. సాయంత్రం బస్సుదాకా అలాగే కూర్చున్నాం.

ఇప్పుడు రెండు రోజులకోసారి ఫోన్ చేస్తున్నాడు. కూతురు నంబరు కలిపి ఇస్తుందట. నా మోకాళ్ల నొప్పులు, మనవల చదువులు ఏవీ అడగడు. గుర్తొచ్చిందా అంటాడు. లేదు అంటాను. ఊఁ అని పెట్టేస్తాడు. మొన్న ఆదివారం మాత్రం పెట్టలేదు. గొంతు తగ్గించి, పక్కన ఎవరూ లేరన్నట్టు మెల్లగా అన్నాడు:

"ఆ రాసినాయన లేడు. ప్రెస్సు లేదు. మీ పిన్ని కూడా పోయింది. ఇంకా ఎవరికి భయపడి దాస్తున్నావే తల్లీ?"

దాయడం లేదు బాబాయ్ అన్నాను. ఆనాటి అబద్ధాన్ని చెప్పగానే నమ్మిన మనిషి, ఈ నిజాన్ని నమ్మలేదు. ఆయన్ని నమ్మించడానికి నా దగ్గర ఒక్క ఆధారం కూడా లేదు.